షష్టిపూర్తి: ఇంటి శాంతి నుంచి పట్నం మండపం దాకా

ప్రభవతో మొదలై అక్షయతో ముగిసే తెలుగు సంవత్సరాలు అరవై. మనిషి ఏ పేరుగల సంవత్సరంలో పుట్టాడో ఆ పేరు మళ్లీ వచ్చేసరికి అతనికి అరవై నిండుతాయి. 1965 ఉగాదికి వచ్చిన విశ్వావసు మళ్లీ 2025 ఉగాదికే వచ్చింది. గురుడు రాశిచక్రాన్ని చుట్టి రావడానికి దాదాపు 12 ఏళ్లు, శనికి దాదాపు 30 ఏళ్లు పడుతుంది. అరవై ఏళ్లంటే గురుడికి అయిదు చుట్లు, శనికి రెండు. ఉత్తరాది బార్హస్పత్య లెక్కలో సుమారు 85 ఏళ్లకోసారి ఒక పేరు ఎగిరిపోతుంది. దక్షిణాదిలో పేరును ఎగరగొట్టే పద్ధతి ఎప్పుడో ఆగిపోయింది కనుక పుట్టిన ఏడు తప్పకుండా అరవై ఏళ్లకే తిరిగి వస్తుంది. షష్టిపూర్తి దక్షిణాదిలో ఇంత గట్టిగా నిలవడానికి ఈ పంచాంగ భేదమూ ఒక కారణం కావచ్చు. పేరులోని ‘షష్టి’కి అరవై అని అర్థం. శుభలేఖల్లో తరచు కనిపించే ‘షష్ఠి’ ఆరో తిథి పేరు.

శాస్త్రం అరవై నిండడాన్ని వేడుకగా చూడలేదు, గండంగా చూసింది. శాంతి గ్రంథాలు అరవయ్యో ఏటికి ఉగ్రరథ శాంతిని, డెబ్బయ్యో ఏటికి భీమరథ శాంతిని చెప్పాయి. ఎనభై దాటాక సహస్ర చంద్రదర్శనం. లెక్క వేస్తే వెయ్యి పున్నములు గడవడానికి 80 ఏళ్ల 10 నెలలు కావాలి. ఉగ్రరథ శాంతిలో ముఖ్యమైనవి మృత్యుంజయ హోమం, ఆయుష్య హోమం, నవగ్రహ పూజ, దానాలు. కరిగిన నేతి గిన్నెలో ముఖం చూసుకుని ఆ గిన్నెను దానం ఇవ్వడం కూడా శాంతిలో భాగమే. మంగళసూత్రం మళ్లీ కట్టడం ఈ తంతుకు ఆచారంగా వచ్చి చేరింది. అలా చేరినదే చివరికి అసలు పేరును మింగేసి, జనం నోట ‘అరవయ్యేళ్ల పెళ్లి’గా స్థిరపడింది.

తంతులో మనసును పట్టుకునే ఘట్టం అభిషేకం. దంపతులు పీటల మీద పక్కపక్కన కూర్చుంటారు. చాలా ఇళ్లల్లో వాళ్ల తలల మీద జల్లెడ పడతారు. కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు వరసగా వచ్చి మంత్రించిన కలశాల నీళ్లు ఒక్కొక్కరే పోస్తారు. జల్లెడ కన్నాల్లోంచి నీరు సన్నటి ధారలుగా నెరిసిన తలల మీదికి దిగుతుంది. ఒకప్పుడు తాము తలంటిపోసిన పిల్లలే ఇప్పుడు తమకు నీళ్లు పోస్తుంటే కళ్లు తుడుచుకోని తల్లిదండ్రులు తక్కువ. తర్వాత పొడిబట్టలు, మాంగల్యధారణ, తలంబ్రాలు. కన్యాదానం మాత్రం ఉండదు. ఇక్కడ పెళ్లిపెద్దలు పిల్లలే.

పాత తరం ఆడవాళ్లకు ఈ రెండో పెళ్లి విలువ వేరు. 1929లో వచ్చి 1930 ఏప్రిల్ నుంచి అమలైన శారదా చట్టం ఆడపిల్ల పెళ్లీడును 14 ఏళ్లుగా నిర్ణయించింది. అంతకుముందు పరిస్థితి ఎంత ఘోరమో ‘కన్యాశుల్కం’ పీఠికలో గురజాడ ఇచ్చిన లెక్క చెబుతుంది. విశాఖ జిల్లాలో మూడేళ్లలో 1,034 శుల్క వివాహాలు జరిగితే, వాటిలో 99 మంది పెళ్లికూతుళ్లకు అయిదేళ్లు. ఇంకా చిన్నవాళ్లూ ఉన్నారు. ఊహ తెలియని వయసులో పెళ్లి జరిగినవాళ్లకు తాళి కట్టించుకోవడమంటే ఏమిటో తెలిసి కట్టించుకున్నది షష్టిపూర్తిలోనే. ఆ లెక్క కూడా భర్త వయసుదే. భార్యకు అరవై నిండితే ఏ తంతూ లేదు, భర్త పోయిన స్త్రీకి అసలే లేదు. ఈ ఆచారంలో అన్యాయం ఉన్న చోటు అదే.

అరవై దాకా ఇద్దరూ కలిసి బతకడమే ఒకనాడు అరుదు. 1901-11 దశాబ్దంలో భారతదేశంలో సగటు ఆయుర్దాయం సుమారు 23 ఏళ్లు, 1951 నాటికి 32. పసిబిడ్డల మరణాలు ఆ సగటును కిందికి లాగిన మాట నిజమే అయినా, ఊరికి ఒకటో రెండో షష్టిపూర్తులు జరిగితే ఎక్కువ. ఆయుర్దాయం పెరిగాక ఆచారం విస్తరించింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసు 2014లో 60కి చేరడంతో, 2022లో అది మళ్లీ పెరిగేదాకా రిటైరయ్యే ఏడూ షష్టిపూర్తి ఏడూ ఒకటిగా ఉండేవి.

సాహిత్యలోకంలో షష్టిపూర్తి హోమం లేని సన్మానసభగా మారింది. అందులో చరిత్రకెక్కినది 1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో జరిగిన శ్రీశ్రీ షష్టిపూర్తి. ‘రచయితలారా! మీరెటువైపు?’ అని నిలదీస్తూ విశాఖ విద్యార్థులు కరపత్రం పంచింది ఆ సభల్లోనే. ఆ ప్రశ్న రేపిన అలజడి నుంచి అదే ఏడాది జులై 4న హైదరాబాద్‌లో విప్లవ రచయితల సంఘం పుట్టింది. దానికి తొలి అధ్యక్షుడు శ్రీశ్రీయే.

ఇళ్లల్లో జరిగే షష్టిపూర్తి మాత్రం తంతును వదల్లేదు, చోటు మార్చుకుంది. పూర్వం వాకిట్లో తాటాకు పందిరి వేసి చేసేవారు. పిల్లలు ఉద్యోగాలకు పట్నం చేరాక తల్లిదండ్రుల పెళ్లి కూడా పట్నం కల్యాణ మండపానికి వెళ్లింది. కొందరు తమిళనాడులోని తిరుక్కడైయూర్ దాకా వెళతారు. మార్కండేయుణ్ణి కాపాడడానికి శివుడు యముణ్ణి అణచినట్టు చెప్పే క్షేత్రం అది. అమృతఘటేశ్వరుడి ఆ గుడిలో ఒకే ఉదయాన ఎన్నో జంటలు పీటలెక్కుతాయి. ముహూర్తం నియమమూ సడలింది. జన్మమాసంలో జన్మనక్షత్రం నాడు జరగాల్సినది, అమెరికా నుంచి పిల్లలకు సెలవు దొరికే రోజుల్లోకి జరుగుతోంది. ఊరివాళ్లు తెల్లవారుజామున బస్సు మాట్లాడుకుని బయల్దేరి, అభిషేకానికి అందుకుని, భోజనాలు కానిచ్చి, తాంబూలం సంచులతో పొద్దుగూకేలోగా తిరుగుబస్సు ఎక్కుతారు.