అడ్డాకు, తపసి జిగురు: మన కొండల ప్యాకింగ్ చరిత్ర



చలికాలం వస్తే లంబసింగి రోడ్డు పక్కన స్ట్రాబెర్రీలు ప్లాస్టిక్ డబ్బాల్లో అమ్ముతారు. కోసిన రెండు మూడు రోజులకే మెత్తబడే పండు అది. ఇలాంటి పండ్లు, కూరగాయలు ఎక్కువ రోజులు తాజాగా ఉండాలని, మొక్కల నుంచి పల్చటి పొరలు తయారుచేసే పరిశోధనలు ఇప్పుడు చాలా దేశాల్లో నడుస్తున్నాయి. వాడి పారేస్తే మట్టిలో కలిసిపోతాయి. ఈ కథలో మన కొండలకీ పాత వాటా ఉంది.

మనోళ్ళ మొదటి ప్యాకింగ్ అడ్డాకు. విస్తరి కుట్టినా, పొట్లం కట్టినా అదే. ఆకు మీద సహజంగా మైనం పూత ఉంటుంది, తడి తొందరగా దాటదు. పని అయ్యాక పశువు తింటుంది, లేదా పెంటలో ఎరువవుతుంది.

రెండోది తపసి జిగురు. తపసి చెట్టు బెరడు మీద చిన్న గాటు పెడితే ఊరి గడ్డకట్టే జిగురు ఇది. గొడ్డలితో లోతుగా నరికితే చెట్టే చచ్చిపోతుంది. ఈ జిగురు విదేశాలకు వెళ్ళి మందుల్లో, ఐస్‌క్రీముల్లో, కట్టుడు పళ్ళు అతికించే పొడిలో కలిసింది.

కానీ అడవి మీద హక్కు మన చేతిలో లేదు. 1882 మద్రాసు అటవీ చట్టం పోడుకీ, అటవీ ఫలసాయానికీ అడ్డుకట్ట వేసింది. నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కే రోడ్డు కోసం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మనోళ్ళతో సరైన కూలి ఇవ్వకుండా వెట్టి చేయించాడు. ఆ కోపాలన్నీ కలిసి 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడటం దాకా వచ్చాయి. స్వాతంత్య్రం వచ్చాక, దళారుల దోపిడీ ఆపాలని 1956లో విశాఖలో జీసీసీ పెట్టారు. జిగురు, చింతపండు, తేనె దాని ద్వారా కొండ దిగాయి. దిగింది మాత్రం ముడి సరుకే.

ఈలోగా బయట ఏం జరిగింది? 1908లో స్విట్జర్లాండ్ వాడు బ్రాండెన్‌బర్గర్ చెట్ల గుజ్జు నుంచి సెల్లోఫేన్ కనిపెట్టాడు. అది మొక్కల పొరే. 1933లో ఇంగ్లండ్‌లో పాలిథీన్ పుట్టింది. అది చవగ్గా దొరికేసరికి కొండ మీద సంతల్లోకి కూడా వచ్చేసి ఆకు పొట్లాన్ని పక్కకి నెట్టింది. దేశంలో కొన్ని రకాల ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ని నిషేధించింది 2022 జూలై 1న.

ఇప్పుడు పరిశోధకులు మళ్ళీ జిగుర్ల వైపు చూస్తున్నారు. జిగురుని నీళ్ళలో కరిగించి, పొర పెళుసుగా విరగకుండా గ్లిజరిన్ కలిపి, పల్చగా ఆరబెడతారు. లేదా పండునే అందులో ముంచి తీస్తారు. పండు కోశాక కూడా ఊపిరి తీస్తుంది. పొర ఉంటే గాలి తక్కువ అందుతుంది, పండు నెమ్మదిగా ముగ్గుతుంది. ఒక ఇబ్బంది ఉంది: జిగురు పొర ఒక్కటే అయితే తేమని ఆపలేదు. అందుకే మైనమో నూనెో కలుపుతారు. అడ్డాకు మీద ప్రకృతి పెట్టిన ఏర్పాటు కూడా ఇలాంటిదే కదా!

2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం మనకే ఇచ్చింది. కాగితం మీద జిగురు మనదే. మరి దాంతో చేసే పొర ఎవరిది అవుతుంది? మళ్ళీ కిలోల లెక్కన జిగురు అమ్మి, పేటెంటూ లాభమూ వేరేవాళ్ళకి వదిలేస్తే నూరేళ్ళ పాత కథే. కెమిస్ట్రీ, ఫుడ్ టెక్నాలజీ, అగ్రికల్చర్ చదువుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ప్రాజెక్టు టాపిక్ వెతుక్కుంటుంటే ఇదొకటి చూడండి. ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగి, ఏ ఆకులో ఏది ఎన్ని రోజులు నిలవుండేదో రాసిపెట్టండి. ఆ లెక్క మన పేరుతోనే ఉండాలి.

జై ఆదివాసీ!