స్టార్వ్‌డ్ రాక్: ఆనకట్ట దిగువన గద్దల విడిది

అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో, షికాగోకు నైరుతి దిశగా సుమారు 150 కిలోమీటర్ల దూరాన, ఇల్లినాయిస్ నది దక్షిణపు ఒడ్డున నిటారుగా నిలిచిన ఇసుకరాతి గుట్టను స్టార్వ్‌డ్ రాక్ అంటారు. 1769లో హత్యకు గురైన పాంటియాక్ అనే ఆదివాసీ నాయకుని పక్షాన పగ తీర్చుకోవడానికి వచ్చిన తెగలు ఇల్లినివెక్ ప్రజలను ఈ గుట్టపై ముట్టడించి ఆకలితో మాడ్చి చంపాయన్న ఐతిహ్యం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. ఆ కథ కంటే గట్టి ఆధారాలున్న చరిత్ర ఎదుటి ఒడ్డుది. అక్కడ కాస్కాస్కియా ప్రజల పెద్ద గ్రామం ఉండేదని 1673లో ఈ నది మీదుగా సాగిన ఫ్రెంచి అన్వేషకులు మార్కెట్, జోలియెట్‌ల యాత్ర వల్ల తెలుస్తున్నది. తరువాత పదేళ్లకే ఫ్రెంచివారు గుట్టపై కోట కట్టారు.

1890లో ఈ భూమిని కొన్న ఫెర్డినాండ్ వాల్థర్ హోటల్ నిర్మించి దీనిని విహారస్థలంగా మార్చగా, 1911లో రాష్ట్ర ప్రభుత్వం దానిని కొని పార్కుగా చేసింది. 1930ల ఆర్థికమాంద్యంలో నిరుద్యోగ యువకులకు పని కల్పించేందుకు ఏర్పడిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ దళాలు ఇక్కడ కాలిబాటలు వేశాయి, దుంగలతో, రాతితో వసతిగృహం కట్టాయి.

పార్కులోని వన్యప్రాణుల చరిత్రను మలుపు తిప్పినది మాత్రం నదిపై 1933లో పూర్తయిన ఆనకట్ట. గోదావరి కాలువల మీద ఉన్నటువంటి లాకులతో, అంటే నీటిమట్టాన్ని పెంచుతూ తగ్గిస్తూ పడవలను దాటించే తలుపుల గదులతో, సరకు రవాణా కోసమే దీనిని నిర్మించారు. అయితే గేట్ల కింద నీరు ఎప్పుడూ సుడులు తిరుగుతూ ఉండడం వల్ల, చలికాలంలో నది గడ్డకట్టినా అక్కడ నీరు గడ్డకట్టకుండా ఉంటుంది. ఆనకట్ట దాటే ఒరవడికి దిమ్మెరపోయిన గిజార్డ్ షాడ్ చేపలు పైకి తేలుతాయి. తల, తోక తెల్లగా ఉండే బాల్డ్ ఈగిల్ గద్దలు ఉత్తరాది నుంచి ఇక్కడికి వలస వచ్చి, నీటిని తాకీ తాకనట్టు వాలి, ఆ చేపలను గోళ్లతో తన్నుకుపోతాయి. డీడీటీ పురుగుమందు వల్ల గుడ్ల పెంకులు పలచబడి ఈ జాతి దాదాపు అంతరించే స్థితికి చేరగా, 1972లో వచ్చిన నిషేధం తరువాత క్రమంగా కోలుకుని, 2007లో సమాఖ్య ప్రభుత్వపు అంతరించే ప్రాణుల జాబితా నుంచి బయటపడింది.

గద్దలకు చేపలు ఎంత ముఖ్యమో, రాత్రి వాలేందుకు ఎత్తయిన చెట్లూ అంతే ముఖ్యం. గుట్టకు ఎదురుగా నదిలో ఉన్న ప్లమ్ ఐలాండ్ అనే లంక ఆ అవసరాన్ని తీరుస్తుంది. అక్కడ విహార కట్టడాలు వెలిసే ప్రమాదం ఏర్పడడంతో, ఇల్లినాయిస్ ఆడుబాన్ సొసైటీ అనే ప్రకృతి సంరక్షణ సంస్థ 2004లో ఆ లంకను కొని గద్దలకే కేటాయించింది. పార్కు చరిత్రలో ఇంత దూరదృష్టితో తీసుకున్న నిర్ణయాలు కొన్నే. దానివల్ల సందర్శకులు కోల్పోయినదీ లేదు. వారు గుట్టపై నుంచీ, అవతలి ఒడ్డున లాకుల పక్కనున్న సందర్శక కేంద్రం నుంచీ గద్దల వేటను చూడగలుగుతున్నారు.