రాఫెల్స్ ప్లేస్‌లో నిలిపిన బండి

రాఫెల్స్ ప్లేస్ అనగానే మన పిల్లలకు గుర్తుకు వచ్చేవి భూగర్భ రైలు స్టేషను, మెడ విరిచి చూడవలసిన బ్యాంకు భవనాలు. కమర్షియల్ స్క్వేర్ అన్న పాత పేరు పోయి 1858లో ఈ పేరు వచ్చింది. జాన్ లిటిల్, రాబిన్సన్స్ వంటి పెద్ద దుకాణాలు ఇక్కడే వెలిశాయి. నడిమి ఖాళీ స్థలంలో వరుసగా వాహనాలు నిలిపేవారు. 1965లో వాటికోసం భూమి క్రింద చోటు కట్టి, పైన తోట వేశారు. 1972 నవంబరు 21న రాబిన్సన్స్ దుకాణం అగ్నికి ఆహుతి అయింది. 1987లో రైలు స్టేషను తెరిచారు.

ఆ ఖాళీ స్థలం అంచున మా నాన్నగారు తన మోటారు సైకిలు నిలిపేవారు. ఆయన దగ్గరలోని ఒక ఆఫీసులో గుమాస్తా. బండి బ్రిటిషుది. ఉదయం ఎనిమిదింటికి నిలిపితే సాయంత్రం ఒకటి రెండు కిక్కులకే లేచేది. ఆయన ఉద్యోగ విరమణ తరువాత అదే బండి మా ఇంటి వెనుక నెలల తరబడి కదలకుండా ఉండిపోయింది. ఒక సంక్రాంతికి నేను దాన్ని తీయబోయాను. ఆయిలు ట్యాంకులో చూస్తే నూనె అడుగంటింది. కొత్త డబ్బా తెచ్చి నిండా పోశాను. కిక్కు కొట్టగానే తెల్లని పొగ వీధంతా కమ్మింది. ఇంజను నుండి నూనె చిమ్మి నేల తడిసింది. కబురంపగా వచ్చిన ముసలి మేస్త్రీ నవ్వి, “తగ్గిన నూనె ఎక్కడికి పోయిందో చూసుకోకుండా కొత్తది పోస్తారా నాయనా?” అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు ఇంజను నిర్మాణంలోనే ఉంది. ట్రయంఫ్, బీఎస్ఏ, నార్టన్, వెలోసెట్ వంటి కంపెనీల ఫోర్‌స్ట్రోక్ బండ్లలో నూనె ఇంజను అడుగున నిలవ ఉండదు. సీటు క్రింద వేరే ట్యాంకులో ఉంటుంది. పంపు రెండు పనులు చేస్తుంది. ఒక భాగం ట్యాంకులోని నూనెను బేరింగులకు పంపుతుంది. రెండవ భాగం అడుగుకు జారిన నూనెను తిరిగి ట్యాంకుకు తోడుతుంది. తోడే భాగం పంపే భాగంకన్న పెద్దది. కనుక నడిచే ఇంజను అడుగున నూనె చేరదు. దీన్నే డ్రై సంపు పద్ధతి అంటారు.

చిక్కంతా ఇంజను ఆగినప్పుడే. ట్యాంకు ఎత్తున ఉంది, ఇంజను పల్లాన ఉంది. నడుమ అడ్డు నిలిచేది పంపు ఒక్కటే. నార్టన్ పంపులోని పళ్ళచక్రాలకూ గోడకూ మధ్య వెంట్రుకవాసి సందు అరుగుదలతో పెరుగుతుంది. ట్రయంఫ్ పంపులో స్ప్రింగు క్రింద చిన్న ఉక్కు గుండు దారి మూస్తుంది. దాని పీఠం మీద నలుసంత మడ్డి చేరినా మూత సరిగా పడదు. అనేక బీఎస్ఏ ఇంజన్లలోనూ ఇటువంటి గుండే కాపలా. నూనె బొట్టు బొట్టుగా అడుగుకు దిగుతుంది. మన వేడికి నూనె పలుచబడుతుంది కనుక దిగడం మరింత సులువు.

ఇక కిక్కు కొట్టగానే బరువైన ఫ్లైవీలు ఆ నూనె మడుగులో చిలుకుతుంది. నూనె పిస్టను రింగులు దాటి మండి పొగ అవుతుంది. గాలి గొట్టం నుండి చిమ్ముతుంది. సీలు దాటి ప్రైమరీ చెయిను పెట్టెలోకి చేరుతుంది. తోడే పంపు అడుగునున్న నూనెను పైకి చేర్చేసరికి, నావలె ముందే నింపినవారి ట్యాంకు పొంగిపోతుంది.

మన ఆంధ్రదేశంలోని బంధువులకు బాగా తెలిసిన బుల్లెట్ కూడా ఈ వంశానిదే. త్యాగరాజస్వామి త్రిపురసుందరీ అమ్మవారిపై కీర్తనలు రచించిన మద్రాసు చెంతనున్న తిరువొత్తియూరులోనే ఎన్‌ఫీల్డ్ ఇండియా కార్ఖానా వెలసింది; ఆ సంస్థ 1955లో ఏర్పడింది. బుల్లెట్‌లో నూనె అర ఇంజను పోతలోనే కలిసి ఉంటుంది. అయినా పద్ధతి డ్రై సంపే కనుక, పంపు అరిగితే నిలిచిన బండిలో నూనె ప్రక్క అరలోకి దిగుతుంది.

తయారు చేసినవారికి ఈ లోపం తెలియకపోలేదు. 1975 నాటి నార్టన్ కమాండో మూడవ మార్కులో నూనె దిగకుండా టైమింగ్ కవరులో ప్రత్యేకమైన వాల్వు అమర్చారు. అప్పటికే ఆలస్యమైంది. జపాను బండ్లు మార్కెట్టును ఆక్రమించాయి. వాటిలో చాలావాటికి నూనె ఇంజను అడుగునే ఉంటుంది కనుక దిగడమన్న మాటే లేదు. మెరిడెన్‌లోని ట్రయంఫ్ కార్ఖానా 1983లో మూతబడింది.

అయితే తప్పంతా పంపుది కాదు. అవి దినదినం తిరగడానికి పుట్టిన బండ్లు. ఉదయం నుండి సాయంత్రం వరకు నిలిచినంత మాత్రాన దిగే నూనె స్వల్పం. నేటి సింగపూరులో పరిస్థితి వేరు. 35 ఏళ్ళు నిండిన బండిని క్లాసిక్ పథకం క్రింద ఉంచుకుంటే ఏడాదికి 45 రోజులకు మించి నడపరాదు. మిగిలిన 320 రోజులూ అది నిలిచే ఉండాలి. పైగా 2003 జూలై 1కి ముందు నమోదైన మామూలు మోటారు సైకిళ్ళకు 2028 జూన్ 30 తరువాత రోడ్డు మీద చోటు లేదని 2018లోనే ప్రకటించారు. క్లాసిక్, వింటేజి పథకాలలోని వాటికి మినహాయింపు. కనుక తాతల బండిని దక్కించుకోదలచిన కుటుంబం దానిని ఎక్కువ కాలం నిలిపి ఉంచక తప్పదు. చట్టం బండిని కాపాడుతుంది. లోపలి నూనెను కాపాడుకోవలసింది మనమే.

మేస్త్రీ ఆనాడు నాకు చెప్పిన క్రమం ఇది. నెలల తరువాత తీసే బండికి ముందు ట్యాంకు మట్టం చూడాలి. తగ్గి ఉంటే కొత్త నూనె పోయరాదు. అడుగు ప్లగ్గు విప్పి, దిగిన నూనెను శుభ్రమైన గిన్నెలో పట్టి కొలవాలి. తిరిగి ప్లగ్గు బిగించి, అంతే నూనె ట్యాంకులో పోసి, అప్పుడు కిక్కు కొట్టాలి. ఇంజను తిరగగానే ట్యాంకులోకి నూనె తిరిగి వస్తున్నదా అని మూత తీసి చూడాలి. ఏటేటా దిగే నూనె పెరుగుతుంటే పంపునో గుండు పీఠాన్నో బాగుచేయించాలి. కొందరు ట్యాంకు క్రింద కుళాయి పెట్టిస్తారు. నూనె దిగడం ఆగుతుంది, నిజమే. కాని తెరవడం మరచి ఇంజను నడిపితే నిమిషాలలో బేరింగులు నాశనమౌతాయి. ఆ తరువాత విచారించడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

మా నాన్నగారి బండి ఇప్పుడు మా అబ్బాయి దగ్గర ఉంది. వాడు ఏటా సంక్రాంతినాడు గిన్నె పెట్టి ప్లగ్గు విప్పుతాడు. మా మనుమరాలు కొలత చూసి పుస్తకంలో వ్రాస్తుంది. ఆ పిదప తండ్రీకూతుళ్ళు రాఫెల్స్ ప్లేస్ దాకా వెళ్ళివస్తారు. వారి తాత బండి నిలిపిన చోటు ఇప్పుడు లేదు. ఆ బండి చప్పుడు మాత్రం ఉంది.