దొంగ జాబుల పూర్వాపరాలు

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శిగారు అడిగారు. కోటల గురించో, శాసనాల గురించో రాయగలిగిన పెద్దలు మన సంఘంలో చాలామందే ఉన్నారు. నా సర్వీసులో ఎక్కువ భాగం తపాలు సెక్షన్లో, ఇన్‌వర్డు, అవుట్‌వర్డు రిజిస్టర్ల మధ్య గడిచింది. కనుక నాకు తెలిసిన వస్తువు జాబు. పెద్ద దుకాణాల పేరు తగిలించుకొని మన ఈమెయిలుకు వచ్చే దొంగ జాబుల పుట్టుపూర్వోత్తరాలు రాస్తున్నాను. వీటినే ఫిషింగ్ అంటున్నారు.

జాబుతో మోసం చేయడం కంప్యూటరుతో పుట్టిన విద్య కాదు. ఫ్రాన్సు దేశంలో దొంగగా మొదలై పోలీసు అధికారి అయిన విడోక్ అనే ఆయన 1828లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో 'జెరూసలేం జాబుల' గురించి చెప్పాడు. జైల్లోని ఖైదీలు ధనవంతుల చిరునామాలు సంపాదించి, ఫలానా చోట నగల పెట్టె దాచి ఉంది, ముందు కొంత సొమ్ము పంపండి అని రాసేవారట. నూటికి ఇరవై జాబులకు జవాబు వచ్చేదని ఆయన లెక్క.

మన దేశంలో తపాలా శాఖ 1877లో వి.పి.పి. పద్ధతి తెచ్చింది. మారుమూల పల్లెలో ఉన్నవాడు కూడా మద్రాసు దుకాణంలో సరుకు తెప్పించుకోగలిగాడు. అయితే పోస్టుమానుకు డబ్బు కట్టిన తరువాతే పార్సిలు విప్పాలి. మోసగాడికి ఆ కాస్త సందు చాలింది. గళ్లు నింపండి, ట్రాన్సిస్టరు గెలవండి అనే పాత ప్రకటనలు మన వయసువారికి గుర్తుండే ఉంటాయి. చిత్రమేమంటే నింపిన ప్రతివాడూ గెలిచేవాడు! 'రాయితీ ధర' కట్టి విప్పి చూస్తే లోపల ఇటుకముక్క. అయినా ఆ మోసగాడు తన కంపెనీ పేరేదో తానే కల్పించుకొనేవాడు. పేరున్న దుకాణం వేషం వేసుకొని లక్షల మందికి ఒకేసారి జాబు రాయడం మాత్రం ఈమెయిలు వచ్చాకే సులువైంది.

దానికి కారణం ఈమెయిలు కట్టుబాటులోనే ఉంది. అమెరికాలో జాన్ పోస్టెల్ 1982 ఆగస్టులో ప్రకటించిన నిబంధనల్లో పంపినవారి పేరు నిజమా కాదా అని చూసే ఏర్పాటు లేదు. అప్పట్లో దాన్ని వాడేవారు కొద్దిమంది, ఎక్కువగా పరిశోధకులు. ఒకరినొకరు నమ్మేవారు. మన కవరు వెనక 'ఫ్రమ్' అడ్రసు ఎవరు ఏది రాసినా పోస్టాఫీసు అడగదు కదా, అలాంటిదే. అందుకే మా సూపరింటెండెంటుగారు తపాలు విప్పేముందు పోస్టు ముద్ర చూడమనేవారు. హైదరాబాదు నుంచి అని రాసి, ముద్ర వేరే ఊరిదైతే ఆ కవరు పక్కన పెట్టించేవారు. ఈమెయిలుకూ అటువంటి ముద్రలుంటాయి గాని, అవి తెరవెనుక ఉంటాయి. మన కంటికి కనపడేది పేరొక్కటే.

ఈ లోటును మొదట సొమ్ము చేసుకొన్నది అమెరికాలో ఏ.ఓ.ఎల్. అనే ఇంటర్నెట్ కంపెనీ ఖాతాదారుల మీద. అప్పట్లో వాడకానికి గంటల లెక్కన రుసుము ఉండేది. 1995 ప్రాంతంలో కొందరు కుర్రాళ్లు కంపెనీ సిబ్బందిలా నటిస్తూ, మీ ఖాతా సరిచూడాలి, పాస్‌వర్డు చెప్పండి అని సందేశాలు పంపేవారు. ఫిషింగ్ అనే మాట ఆ రోజుల్లోదే. గాలం వేసి చేపలు పట్టడమన్న మాటకే అక్షరం మార్చి రాశారు.

తరువాత వంతు దుకాణాలది. 2003 నవంబరులో పేపాల్ అనే చెల్లింపుల కంపెనీ పేరుతో మీ ఖాతా గడువు తీరిపోతోందని జాబులు వచ్చాయి. కార్డు వివరాలు నింపమని దానికొక జత కాగితం. అంతకు మూడేళ్ల ముందే, 2000లో, అదే కంపెనీ పేరు చివరి 'ఎల్' తీసి 'పెద్ద ఐ' పెట్టి దొంగ చిరునామా ఒకటి తయారైంది. తెర మీద రెండూ ఒకేలా కనపడతాయి. టైపు నేర్చినవారు ఇది వింటే నవ్వుకొంటారు. పాత ఇంగ్లీషు టైపు మిషన్లలో చాలావాటికి 'ఒకటి' అంకె ఉండేది కాదు, చిన్న 'ఎల్' కొట్టి సరిపెట్టేవాళ్లం. ఏళ్ల తరబడి లెడ్జర్లలో అది అంకెగానే చెల్లింది. ఆర్, ఎన్ పక్కపక్కన కొడితే ఎమ్‌లా కనపడటం కూడా మనకు కొత్త కాదు.

మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న. బెంగుళూరులో ఫ్లిప్‌కార్టు 2007లో పుట్టింది. 2010లో సరుకు చేతికొచ్చాక డబ్బు కట్టే పద్ధతి పెట్టింది. నా దృష్టిలో అది వి.పి.పి.కి మనుమడే. అమెజాన్ మన దేశపు దుకాణం 2013లో తెరిచింది. ఫిషింగ్ మీద ఢిల్లీ హైకోర్టు అప్పటికే, 2005లో, నాస్కామ్ వేసిన దావాలో మాట్లాడింది. ఆ సంస్థ పేరుతో ఉద్యోగార్థుల వివరాలు లాగిన వ్యవహారం అది. ఫిషింగ్‌కు ప్రత్యేక చట్టం లేకున్నా అది అక్రమమేనని తేల్చింది. కంప్యూటరు సాధనంతో మారువేషపు మోసానికి మూడేళ్ల వరకు శిక్ష విధించే 66-డి సెక్షను 2009 అక్టోబరు 27న అమలులోకి వచ్చింది.

ఇక మన సభ్యుడొకరి సంగతి. పేరు రాయను. జీవితమంతా ఇతరుల వోచర్లు తనిఖీ చేసిన మనిషి. నలభై రెండు వేల రూపాయల ఫోను మీ పేర ఆర్డరయింది, మీరు చేయకపోతే ఈ నంబరుకు ఫోను చేసి రద్దు చేసుకోండి అని ఒక పేరున్న దుకాణం ముద్రతో ఈమెయిలు వచ్చింది. ఆయన ఫోను చేశారు. అవతలివాడు 'అంకుల్ గారూ' అంటూ ఎంతో మర్యాదగా మాట్లాడి, డబ్బు వాపసుకని ఒక యాప్ పెట్టించాడు. దానితో ఆయన ఫోను తెర అవతలివాడికి కనపడింది. పెన్షను ఖాతాలో ఉన్నది రెండు విడతల్లో పోయింది. ఆ జాబు పాస్‌వర్డు అడగలేదు, కార్డు నంబరు అడగలేదు, ఆశ చూపలేదు. భయపెట్టి, మన చేతనే ఫోను చేయించింది. పదకొండు రోజుల పాటు ఆయన ఇంట్లో చెప్పలేదు. కొడుకు అడుగుతాడని సిగ్గు.

ఆ జాబులో ఉన్న నంబరు వదిలిపెట్టి, దుకాణం యాప్ స్వయంగా తెరిచి 'నా ఆర్డర్లు' చూసి ఉంటే అక్కడ ఫోను ఆర్డరే ఉండేది కాదు. అసలు రిజిస్టరు దుకాణం దగ్గరే ఉంటుంది, జాబు కేవలం నకలు. చిరునామా చదవడంలోనూ ఒక పద్ధతి ఉంది. మొదటి గీటుకు ముందు, డాట్ కామ్‌కో డాట్ ఇన్‌కో ఆనుకొని ఎడమ పక్కన ఉన్న మాటే యజమాని పేరు. దానికి ముందు దుకాణం పేరు ఎన్నిసార్లు ఉన్నా లెక్కలోకి రాదు. కలెక్టరాఫీసు ఎదుట టీ బడ్డీ అన్నంత మాత్రాన అది కలెక్టరుది కాదు గదా!

పంపినవారి పేరు సరిచూసే డీమార్క్ అనే ఏర్పాటు 2012లో వచ్చింది. పెద్దఎత్తున ఈమెయిళ్లు పంపేవారు దాన్ని పెట్టుకోవాలని గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి పట్టుబట్టాయి. అయితే అచ్చు దుకాణం చిరునామానే దొంగిలిస్తే అది పట్టుకొంటుంది గాని, ఒక్క అక్షరం తేడాతో మోసగాడు సొంతంగా కొనుక్కొన్న చిరునామాను ఆపలేదు.

డబ్బు పోయినవారికి కేంద్ర హోంశాఖ 2021లో ఒక సహాయ నంబరు పెట్టింది. ఇప్పుడది 1930. ఫిర్యాదు అందగానే ఆ సొమ్ము ఏ ఖాతాకు చేరిందో ఆ బ్యాంకుకు కబురు వెళుతుంది. సొమ్ము ఇంకా అక్కడే ఉంటే నిలిపివేస్తారు. మోసగాళ్లు దాన్ని నిమిషాల్లో చేతులు మారుస్తారు కనుక మొదటి గంటలకే విలువ. మన మిత్రుడికి పదకొండు రోజులు గడిచాయి.

బ్యాంకుల విషయంలో రిజర్వు బ్యాంకు ఒక మంచి పని చేసింది. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా తమ చిరునామాలను డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కు మార్చుకోవాలని ఆదేశించింది. ఆ తోక బ్యాంకులకు తప్ప మరొకరికి ఇవ్వరు. దుకాణాలకు అటువంటి కట్టడి లేదు. డాట్ కామ్, డాట్ ఇన్ ఎవరు కొనుక్కొన్నా దొరుకుతాయి.