బండ ఎక్కే రోజుకు స్వచ్ఛంద లీడర్లు: శిక్షణ, బాధ్యతలు, జాగ్రత్తలు

బెంగళూరు, కోలారు, బళ్ళారి వైపున్న మన తెలుగు బడుల పిల్లలకు బండరాళ్ళు కొత్త కాదు. రామనగరం, సావనదుర్గ, కోలారు అంతరగంగె, బాదామి అన్నీ బస్సులో పోయి వచ్చే దూరమే. "షోలే" సినిమా తీసిన కొండలని రామనగరం పేరు పెద్దవాళ్ళందరికీ తెలుసు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదటి పాఠాలు నేర్చుకున్నది భువనగిరి బండ మీదే. అందుకే "మా పిల్లల్ని కూడా ఒకరోజు తీసుకుపోండి" అని తల్లిదండ్రులు అడుగుతుంటారు.

తీసుకుపోవచ్చు. అయితే తాడు, హెల్మెట్ కొన్నంత మాత్రాన ఆ రోజు క్షేమంగా గడవదు. క్షేమం అక్కడ నిలబడే పెద్దవాళ్ళ చేతుల్లో ఉంటుంది. లీడర్లుగా ముందుకు వచ్చే టీచర్లు, పూర్వ విద్యార్థులు, తల్లిదండ్రులు ఏం నేర్చుకోవాలో, ఏ పనికి దూరంగా ఉండాలో ఇక్కడ చెబుతున్నాం. ఇది చదివితే శిక్షణ అయిపోయినట్టు కాదు. శిక్షణకు వచ్చే ముందు చదువుకోవాల్సింది మాత్రమే.

స్వచ్ఛంద లీడర్ పని ఎంతవరకు?

పైన బండకు యాంకర్ కట్టడం, ఏ దారి ఎక్కాలో నిర్ణయించడం అర్హత ఉన్న ఇన్‌స్ట్రక్టర్ పని. డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ వంటి చోట్ల బేసిక్, అడ్వాన్స్ కోర్సుల తర్వాత బోధనా పద్ధతుల కోర్సు వేరుగా ఉంటుంది. బాగా ఎక్కగలిగినవారందరూ ఎక్కించగలరని అనుకోకండి. ఎక్కడం ఒక విద్య, ఎక్కించడం ఇంకో విద్య.

స్వచ్ఛంద లీడర్ చేసే పనులు నాలుగు: హార్నెస్, హెల్మెట్ సరిగ్గా వేయించడం, కింద నుంచి బిలే ఇవ్వడం (అంటే ఎక్కేవారి తాడును పట్టి కాయడం), తమ వంతు కోసం కూర్చున్న పిల్లల్ని చూసుకోవడం, ప్రథమ చికిత్స.

శిక్షణ మెట్లు

మొదటి మెట్టు బడి మైదానంలోనే. ఎనిమిది అంకె ముడి వేసి, దాన్నే హార్నెస్ గుండా వెనక్కి నడిపి కట్టడం రావాలి. ముడి తర్వాత కనీసం జానెడు తాడు మిగలాలి. కళ్ళు మూసుకుని కూడా వేయగలిగేదాకా, ఎదుటివాళ్ళు వేసిన తప్పు ముడిని చూడగానే పట్టేదాకా ఈ మెట్టు దాటినట్టు కాదు.

రెండో మెట్టు బిలే. దీంట్లో ఒకే ఒక్క సూత్రం: బ్రేకు చెయ్యి తాడు వదలదు. దోమ కుట్టినా, ఫోన్ మోగినా, ఎవరు పిలిచినా వదలదు. మైదానంలో చెట్టుకు తాడు వేసి, పెద్దవాళ్ళే ఒకరినొకరు పట్టి దించుకుంటూ చెయ్యికి అలవాటు చేసుకోవాలి. మొదట్లో ఇంకొకరు వెనక నిలబడి తాడు తోకను పట్టుకునే ఉండాలి.

మూడో మెట్టు అసలు బండ. ఇన్‌స్ట్రక్టర్ కళ్ళ ముందు, పిల్లలు లేకుండా. ప్రతి లీడరూ తాను ఎక్కాలి, జారాలి, వేలాడాలి. తాడు మీద మొదటిసారి బరువు వదిలినప్పుడు కలిగే భయం తెలియనివాళ్ళు, పైన బిగుసుకుపోయిన పిల్లవాడితో సరిగ్గా మాట్లాడలేరు.

నాలుగో మెట్టులో కొన్ని రోజులు సహాయకులుగా ఉండాలి. తేదీ, స్థలం, చేసిన పని ఒక పుస్తకంలో రాసుకోవాలి. "ఇక ఈయనకు తాడు అప్పజెప్పవచ్చు" అని ఇన్‌స్ట్రక్టర్ సంతకం పెట్టాకే పిల్లల తాడు పట్టాలి.

తాడు, యాంకర్ గురించి తెలిసి ఉండాల్సిన లెక్కలు

యాంకర్ మనం కట్టకపోయినా, చూసి ప్రశ్న అడగడం రావాలి. ఒకదానిపై ఒకటి ఆధారపడని రెండు గట్టి చోట్లయినా ఉండాలి. ఆ రెండు పట్టీల మధ్య కోణం ఎంత పెరిగితే బరువు అంత పెరుగుతుంది. 100 కిలోల బరువు వేలాడితే 60 డిగ్రీల కోణంలో ఒక్కో వైపు సుమారు 58 కిలోలు, 90 డిగ్రీల్లో 71, 120 డిగ్రీల్లో పూర్తిగా 100 కిలోలు పడుతుంది. అందుకని 60 లోపే ఉంచుతారు.

ఎక్కడానికి వాడేది సాగే తాడు. 80 కిలోల బరువు వేలాడదీస్తే 10 శాతం వరకు సాగవచ్చని యూరప్ ప్రమాణం. 20 మీటర్ల బండకు కింద నుంచి బిలే ఇస్తే, ఎక్కడం మొదలయ్యేటప్పుడు పైకి పోయి కిందికి వచ్చే తాడు దాదాపు 40 మీటర్లు. పిల్లల బరువు తక్కువైనా తాడు మీటరు, రెండు మీటర్ల దాకా సాగొచ్చు. పైన యాంకర్ ఎంత గట్టిగా ఉన్నా, రెండు మీటర్ల ఎత్తులో జారిన పిల్ల నేలను తాకవచ్చు! కాబట్టి మొదటి మూడు మీటర్లూ తాడు బాగా బిగువుగా ఉండాలి. పైకి పోయేకొద్దీ ఈ ప్రమాదం తగ్గుతుంది.

తాడు చివర తప్పకుండా ముడి వేయాలి. దించేటప్పుడు తాడు చాలక చివర బిలే పరికరం గుండా జారిపోకుండా ఆపేది అదే. నడుము సన్నగా ఉన్న చిన్నపిల్లలకు నడుము హార్నెస్ సరిపోదు, తలకిందులైతే జారిపోతారు. వాళ్ళకు ఒళ్ళంతా పట్టే హార్నెస్ వాడాలి.

ఏ భాషలో అరవాలి?

ఇది మన బడులకు ప్రత్యేకమైన సంగతి. మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, క్లాసులో ఇంగ్లీషు కలిపి మాట్లాడతారు. భయపడినప్పుడు ఏ భాష ముందు నోట్లోకి వస్తుందో చెప్పలేం. కన్నడలో "బిగి" అంటే బిగించు, "బిడు" అంటే వదిలేయి. గాలిలో ఈ రెండూ ఒకేలా వినిపిస్తాయి, అర్థాలు మాత్రం పూర్తిగా ఎదురు. తెలుగులో "బిగించు", "దించు" కూడా చివర ఒకటే మోత. ఇంగ్లీషు "టేక్", "స్లాక్" కూడా అంతే.

అందువల్ల ఆ రోజుకు మూడే మాటలు పెట్టుకోవడం మంచిది: "టైట్", "వదులు", "దించు". మాటకు ముందు పేరు పిలవాలి. పక్క తాడు మీది మాట మనది అనుకోకుండా ఉంటుంది. బిలే ఇచ్చేవారు అదే మాట తిరిగి అన్నాకే పని చెయ్యాలి. అర్థం కాకపోతే తాడు బిగువుగా పట్టుకుని మళ్ళీ అడగాలి. పొద్దున నేల మీదే పిల్లలందరి చేత రెండుసార్లు అనిపించండి.

తేనెటీగలు, ఎండ, వాన

మన దక్కను బండల మీద పడిపోవడం ఒక్కటే ప్రమాదం కాదు. కొండ తేనెటీగలు కూడా అంతే ప్రమాదం. బండ చూరు కింద నల్లగా అర్ధచంద్రాకారంలో వేలాడే పట్టు కనిపిస్తే ఆ వైపు ఎక్కకూడదు. సెంటు, పొగ, పెద్ద మోతలు వద్దు. దాడి మొదలైతే తాడు మీదున్న పిల్లను ముందు దించాలి, మిగతా పిల్లల్ని ఇంకో లీడర్ ముఖం కప్పించి దూరంగా పరుగెత్తించాలి. బిలే ఇచ్చేవారు మాత్రం తాడు వదిలి పరుగెత్తకూడదు. ఇది వినడానికి సులభం, చెయ్యడం కష్టం. శిక్షణలోనే నటించి చూడాలి. గుచ్చుకున్న ముళ్ళను వెంటనే గీకి తీసేయాలి. ఊపిరి అందకపోయినా, చాలా చోట్ల కుట్టినా ఆస్పత్రికి తీసుకుపోవాలి, ఆలస్యం చెయ్యకూడదు.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అప్పుడు కూడా పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ముగించాలి. వాన పడిన బండ, నాచు పట్టిన బండ జారుతుంది. ఉరుము వినపడితే అందరూ కిందికి రావాలి.

పాము కాటేస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం వద్దు. కాలో చెయ్యో కదపకుండా ఉంచి 108కి ఫోన్ చెయ్యండి. స్పృహ తప్పి హార్నెస్‌లో వేలాడుతున్నవారిని ఉన్నపళంగా కిందికి దించాలి. అలా కదలకుండా వేలాడటమే ప్రాణానికి ముప్పు.

అనుమతులు

రామనగరంలో రామదేవరబెట్టను 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. దగ్గర్లో ఎక్కడ ఎక్కవచ్చో అటవీ శాఖను అడగకుండా పోకూడదు. బాదామిలో పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోట్ల చెయ్యి కూడా పెట్టకూడదు. తల్లిదండ్రుల అంగీకార పత్రంలో ఉబ్బసం, మూర్ఛ, తేనెటీగ కుడితే అలర్జీ, వాడుతున్న మందులు రాయించాలి. ఆ కాగితం బడిలో కాదు, ప్రథమ చికిత్స పెట్టెలో ఉండాలి.

ఎంతమందికి ఎంతమంది?

ఒక ఉదాహరణ. 24 మంది పిల్లలు, మూడు తాళ్ళు. బిలేకు ముగ్గురు, బండపైన ఒకరు, అంతా చూసే ఇన్‌స్ట్రక్టర్ ఒకరు, కూర్చున్న పిల్లల దగ్గర ఒకరు, ప్రథమ చికిత్సకు ఒకరు. మొత్తం ఏడుగురు. ఆ రోజు నలుగురే వస్తే మూడు తాళ్ళు వేయకూడదు, ఒకటే వేయాలి. ఇన్‌స్ట్రక్టర్ రాకపోతే తాడు బస్సులోంచి దించనే వద్దు. పిల్లలు నడిచి కొండ చూసి వస్తారు.

ప్రతి పిల్ల నేల విడిచే ముందు చూడవలసినవి

- హార్నెస్ బకిళ్ళు బిగించి ఉన్నాయా?
- ముడి సరైన చోట, జానెడు తోకతో ఉందా?
- కారబినర్ లాక్ పడిందా?
- హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగువుగా ఉందా?
- తాడు చివర ముడి ఉందా?
- ఉంగరాలు, గాజులు, చున్నీ తీసేశారా? జడ లోపలికి దోపారా?

ఈ ఆరింటినీ ఎక్కేవారు, బిలే ఇచ్చేవారు ఒకరిది ఒకరు చూసి, చేత్తో తాకి చెప్పాలి. పదో పిల్ల దగ్గర కూడా మొదటి పిల్ల దగ్గర చూసినంత శ్రద్ధగా చూడాలి. అలసిపోయిన లీడర్ "నా వల్ల కాదు, ఇంకొకరికి ఇవ్వండి" అని అడగడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. ఏ లీడర్ అయినా, ఎంత కొత్తవారైనా, "ఆపండి" అంటే ఆ తాడు మీద పని ఆగిపోవాలి. ఎందుకని తర్వాత అడగవచ్చు. ఇంటికి వచ్చాక, దెబ్బ తగలకపోయినా తగలబోయిన ప్రతి సందర్భాన్నీ పుస్తకంలో రాయాలి. వచ్చే ఏడు లీడర్లకు పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.