ఒకే అక్షరానికి రెండు చిరునామాలు



మన కోలారు వైపు చాలా ఇళ్లలో మాట తెలుగు, బడి చదువు కన్నడం. తెలుగు మాటల్నే కన్నడ అక్షరాల్లో రాసుకోవడం మనకు వింతేమీ కాదు. 2001 ఫిబ్రవరి 28న కేజీఎఫ్ గనులు మూతపడ్డాక తలో దిక్కుకీ వెళ్లిన కుటుంబాల పేర్లు ఒకచోట చేర్చాలంటే చిక్కు ఇక్కడే వస్తుంది. ఒకే మనిషి పేరు రెండు లిపుల్లో ఉంటే కంప్యూటరుకి వాళ్లు ఇద్దరు.

ఒకప్పుడు అలా ఉండేది కాదు. 1991 నాటి భారతీయ ప్రమాణం ఇస్కీలో మన లిపులన్నిటికీ ఒకటే పట్టిక. తెలుగు 'క' అయినా, కన్నడ 'క' అయినా సంఖ్య 179. ఏ లిపిలో చూపాలో చెప్పడానికి వేరే గుర్తు. యూనికోడ్ అదే వరుసను లిపికొక నకలు తీసింది. తెలుగు 'క' 3093, కన్నడ 'క' 3221. తేడా 128. అక్షరాలు చాలావరకు ఈ లెక్కకే దొరుకుతాయి.

నకలు తీశాక రెండూ కలిసి పెరగవు కదా! అవగ్రహం కన్నడ పట్టికలోకి 2003లో వచ్చింది, తెలుగులోకి 2008లో. నుక్తా అయితే కన్నడానికి 2003, మనకు 2021. పద్దెనిమిదేళ్లు!

ఆపరేటింగ్ సిస్టమ్ రాసేవాళ్లకు ఈ బాధ పాతదే. మిగతా కోడ్ అంతా చూసుకునే పేర్లు, సంఖ్యల పట్టికలే హెడర్ ఫైళ్లు. లినక్స్‌లో 32 బిట్, 64 బిట్ ఇంటెల్ తరహా యంత్రాలకు ఇవి చాలాకాలం రెండు వేర్వేరు డైరెక్టరీల్లో ఉండేవి. ఒకదాంట్లో తప్పు దిద్దితే రెండోదాంట్లో మిగిలిపోయేది. 2008 జనవరిలో వచ్చిన 2.6.24లో థామస్ గ్లైక్స్‌నర్, ఇంగో మోల్నార్ వాటిని కలిపేశారు. అచ్చంగా ఒకటిగా ఉన్నవి ఒకే ఫైలయ్యాయి. తేడా ఉన్నవాటిని బలవంతంగా అతికించలేదు. పేరు చివర 32 అనో 64 అనో తగిలించి పక్కపక్కన పెట్టారు. కలపడం తర్వాత మెల్లగా సాగింది. మాకు నచ్చింది ఈ ఓపికే.

అదే లినక్స్‌లో కావాలని ఉంచుకున్న నకళ్లూ ఉన్నాయి. పెర్ఫ్ అనే పనిముట్టు కెర్నెల్ హెడర్లకు సొంత కాపీలు పెట్టుకుంటుంది. కెర్నెల్‌లో మార్పు జరిగితే ఇది విరిగిపోకూడదని. అయితే తయారుచేసిన ప్రతిసారీ ఒక చిన్న స్క్రిప్టు రెంటినీ పోల్చి, తేడా వస్తే హెచ్చరిస్తుంది.

మన జాబితాకూ ఈ రెండో పద్ధతే సరిపోతుందని మా అభిప్రాయం. ఎవరు ఎలా రాసుకున్న పేరు అలాగే ఉండాలి, పోల్చేటప్పుడు మాత్రమే 128 తీసెయ్యాలి. శాసనాల్లో కనిపించే 'ఴ' దగ్గర మాత్రం ఈ లెక్క కుదరదు. కన్నడంలో దాని చోటు వేరే, పైగా యూనికోడ్‌లో దాని పేరు పొరపాటున 'ఫ' అని పడింది. ఒకసారి పెట్టిన పేరు మార్చకూడదన్నది వాళ్ల నియమం కాబట్టి అలాగే ఉండిపోయింది. ఆ ఒక్కదాన్నీ చేత్తో రాసి పెట్టుకోవాల్సిందే.