ఏప్రిల్ 16

ప్రాతఃకాల ప్రసారములలో నాటి దినవిశేషములను చదువుట రేడియో కేంద్రములకు చిరకాలపు అలవాటు. ఫలానా యేట ఇదే దినమున ఒకరు జన్మించిరి, ఒకరు కాలధర్మము నొందిరి, ఒక సంధి కుదిరెను—ఇట్లు రెండు నిమిషములలో రెండు శతాబ్దములు గడచిపోవును. ఏప్రిల్ 16వ తేదీ వచ్చునప్పటికి మాత్రము కొంత నిలువవలెనని మాకు తోచును.

విమాన నిర్మాతలైన రైట్ సోదరులలో పెద్దవాడు విల్బర్ 1867లోను, మూకీ చిత్రముల మహానటుడు చార్లీ చాప్లిన్ 1889లోను ఆ దినముననే జన్మించిరి. వారిని గూర్చి శ్రోతలెరుగుదురు. మేము చెప్పదలచినది మన దేశమున జరిగిన రెండు సంగతులు.

1853 ఏప్రిల్ 16, శనివారము, మధ్యాహ్నము 3 గంటల 35 నిమిషములకు బొంబాయిలోని బోరీబందరు నుండి ఠాణాకు మన దేశపు మొదటి ప్రయాణికుల రైలు బయలుదేరెను. పదునాలుగు పెట్టెలు, సుమారు 400 మంది ఆహూతులు, లాగుటకు సాహిబ్, సింధ్, సుల్తాన్ అను మూడింజనులు. ఇరువదియొక్క ఫిరంగులు మ్రోగెను. దూరము 34 కిలోమీటర్లు మాత్రమే. అగ్రవర్ణములవారు ఇతరుల సరసన ఒకే పెట్టెలో కూర్చుందురా యని ఆ కాలమున పలువురు సందేహించిరి. కూర్చుండిరి. టిక్కెట్టు కులమడుగదు గదా!

సరిగా ఆనాడే రాజమహేంద్రవరమున ఒక బాలునికి అయిదేండ్లు నిండెను. 1848 ఏప్రిల్ 16న, కీలకనామ సంవత్సర చైత్రమాసమున పుట్టిన కందుకూరి వీరేశలింగమతడు. నాలుగవయేటనే తండ్రి సుబ్బారాయుడుగారు పోగా, తల్లి పున్నమ్మగారును పెదతండ్రి వెంకటరత్నముగారును పెంచుచుండిరి. ఈ రెండింటికిని తేదీ తప్ప వేరు సంబంధము లేదు. అయినను రెండింటిని ప్రక్క ప్రక్కన చదువునప్పుడు ఒక ఆలోచన కలుగును.

వితంతువుల పునర్వివాహమును ధర్మబద్ధము చేయు శాసనము 1856లోనే పుట్టినది. ఈశ్వరచంద్ర విద్యాసాగరుల కృషి దానికి కారణము. కాని శాసనము కాగితముపై నుండగా తెలుగునాట ఇరువదియైదేండ్లు గడచిపోయెను. ధవళేశ్వరమున బాలికల పాఠశాలను నెలకొల్పి, 1874లో 'వివేకవర్ధని' పత్రికను స్థాపించి, మాటతో మార్గము త్రవ్విన పంతులుగారు 1881 డిసెంబరు 11న తమ యింటనే మొదటి వితంతు వివాహమును జరిపించిరి. వధువు గౌరమ్మ, వరుడు గోగులపాటి శ్రీరాములు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారి ద్రవ్య సహాయము లేనిచో ఆ పని సాగియుండదు. విద్యార్థులు అండగా నిలిచిరి. పోలీసు కావలి అవసరమయ్యెను. నాలుగు దినములకే రెండవ వివాహము.

తరువాత వెలి వచ్చినది. రైలుపెట్టెలో ప్రక్కన కూర్చుండుటకు అభ్యంతరము లేనివారు పంక్తిలో ప్రక్కన కూర్చుండుటకు ఒప్పుకొనలేదు. తోడ్పడిన వారిలో కొందరు ప్రాయశ్చిత్తము చేసికొని తప్పుకొనిరి. వారిని నిందించుట మాకు ఇష్టము లేదు. బిడ్డల పెండ్లిండ్లు, పితరుల శ్రాద్ధములు గలవారికి వెలి యన్నది చిన్న శిక్ష కాదు. పంతులుగారి యింటికి వంటవారు రామనిరి, నీరు మోయువారు రామనిరి. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే బిందె తీసికొని గోదావరికి పోయి నీరు తెచ్చిరి, తామే వంట చేసిరి. పెండ్లివారికి అన్నము దొరకినది అందువలన.

పత్రికలో వ్రాయుటకు ధైర్యము కావలెను, సందేహము లేదు. కాని ఊరంతయు చూచుచుండగా రేవునకు పోయి, పలుకరించువారు లేక, నిండుబిందెతో మరలివచ్చుటకు కావలసిన ధైర్యము వేరు. పత్రికకు ప్రతివాదము వ్రాయవచ్చును. బిందెకు ఎవరేమి బదులు చెప్పగలరు? సంస్కరణ చరిత్రలు వ్రాయువారు వ్యాసములను లెక్కించినట్లు నీటిబిందెలను లెక్కింపరు.

1881 నాటికి రాజమహేంద్రవరమునకు రైలు లేదు. గోదావరిపై మొదటి రైలు వంతెన తెరచినది 1900లో. అనగా బోరీబందరులో కూత వేసిన నలువదియేడేండ్లకు రైలు ఆ నది దాటినది; ఆ రేవున రాజ్యలక్ష్మమ్మగారు బిందె ముంచినది దానికి పందొమ్మిదేండ్లు ముందు. ఆమె 1910లో కన్నుమూసిరి. పంతులుగారు 1919 మే 27న మద్రాసులో, కవుల చరిత్రమును సవరించు పనిలో నుండగా పరమపదించిరి.

దినవిశేషముల పట్టికలో ఏప్రిల్ 16 క్రింద రాజ్యలక్ష్మమ్మగారి పేరుండదు. ఆమె పుట్టినది ఆనాడు కాదు. అయినను ఈ యేడు మా ప్రతిలో పంతులుగారి పేరు తరువాత ఆమె పేరును చేర్చితిమి. అరనిమిషము పెరిగినది. దానికై చాప్లిన్‌గారిని ఒక వాక్యమునకు కుదించితిమి.